గే కళాకారులు, స్టేజీ వేషాలు, మన ఊళ్ల మాటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం. ఒడిశాలో ఉన్నా, పండగొస్తే తెలుగు పాట వినబడకుండా తెల్లారని ఊళ్లివి. ఇక్కడి నాటకాల జట్లకూ మెలోడీ పార్టీలకూ ప్రోగ్రాములు కుదిర్చే పని నాది. బేరం దగ్గర, గ్రీన్ రూంలో, తిరిగొచ్చేటప్పుడు వ్యాన్‌లో నన్ను జనం అడిగే ప్రశ్నలు ఏళ్ల తరబడి దాదాపు ఒకటే. గే కళాకారుల గురించి గొంతు తగ్గించి అడుగుతారు. ఆ గుసగుసల వల్ల ఎవరికీ మేలు జరగలేదు కాబట్టి జవాబులు ఇక్కడ బాహాటంగా రాస్తున్నాను. మా కళాకారుల పేర్లు మాత్రం రాయను. వాళ్లు ఈ ఊళ్లలోనే బతకాలి.

ఆడవేషం వేసే మగవాళ్లంతా గేలేనా?

కాదు. వేషం వేరు, మనిషి మనసు ఎవరి వైపు మొగ్గుతుందన్నది వేరు. ఆడవాళ్లు స్టేజీ ఎక్కడం అరుదైన రోజుల్లో తెలుగు నాటకాన్ని నిలబెట్టినవాళ్లలో ఆడవేషాలు కట్టిన మగవాళ్లు చాలామంది ఉన్నారు. స్థానం నరసింహారావు గారి సత్యభామనూ చిత్రాంగినీ చూడడానికి జనం బళ్లు కట్టుకుని వెళ్లేవారని మా పెద్దవాళ్లు చెప్పేవారు. 1956లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ గారు సత్యభామ వేషానికి పెట్టింది పేరు, ఆయనకు 1970లో పద్మశ్రీ వచ్చింది. ఒడిశా వైపు గొటిపువా ఉంది. మగపిల్లలు ఆడపిల్లల్లా అలంకరించుకుని ఆడే నాట్యం అది. ఒడిస్సీకి ఇవాళ మనం చూస్తున్న రూపం ఇచ్చినవాళ్లలో ఒకరైన కేలూచరణ్ మహాపాత్ర గారు చిన్నప్పుడు గొటిపువా ఆడినవారే.

వీళ్లెవరి సొంత జీవితం గురించీ నేను మాట్లాడడం లేదు, దాని అవసరమూ లేదు. ఆడవేషం అనేది గురువు దగ్గర కూర్చుని నేర్చుకునే విద్య అని చెప్పడానికే వీళ్ల పేర్లు చెప్పాను. మా జట్లలో ఆడవేషం వేసేవాళ్లలో పెళ్లయి పిల్లలున్నవాళ్లున్నారు, గేలున్నారు, ట్రాన్స్ మహిళలున్నారు. అలాగే మీసం మెలేసి దుర్యోధనుడి పద్యం పాడే గే నటుడూ ఉన్నాడు. అతన్ని చూసి ఎవరికీ ఏ ప్రశ్నా రాదు.

గే, ట్రాన్స్‌జెండర్ ఒకటేనా?

రెండూ వేరు. గే అంటే మగవాళ్ల పట్ల ఆకర్షణ ఉన్న మగవాడు. తను మగవాడినే అనుకుంటాడు. పుట్టినప్పుడు మగపిల్లాడని రాసినా తను స్త్రీనని తెలుసుకున్న మనిషి ట్రాన్స్ మహిళ. టీవీ కామెడీ షోలలో లేడీ గెటప్‌లతో మొదలుపెట్టిన ప్రియాంక సింగ్ ట్రాన్స్ మహిళగా 2021లో బిగ్ బాస్ తెలుగు ఐదో సీజన్‌లో పాల్గొన్నారు. ఆవిడను గే అనడం తప్పు, ఒక గే నటుణ్ణి పట్టుకుని ‘ఆడదైపోతాడు’ అనడమూ తప్పే.

సినిమాల్లో, టీవీ స్కిట్లలో చూపించినట్టే ఉంటారా?

తెర మీద మనకు అలవాటు చేసిన అచ్చులు మూడే మూడు. చేతులు తిప్పుతూ హీరో మీద పడిపోయేవాడు ఒకడు, అతన్ని చూసి నవ్వాలి. ఒంటరిగా దొరికితే చాలు మీద చెయ్యి వేసేవాడు ఇంకొకడు, అతన్ని చూసి భయపడాలి. కథ చివర ఏడుస్తూ చచ్చిపోయేవాడు మూడోవాడు, జాలిపడాలి. ‘తేడాగాడు’ అనే డైలాగుకు థియేటర్లో ఈలలు పడ్డాయంటే రాసినవాడికి అది చాలు. ఆ ఈల మరుసటి రోజు బడిలో ఏ పిల్లాడి వెంట పడుతుందో అతనికి కనబడదు. తెలుగు తిట్టు చాలదన్నట్టు మా వైపు పిల్లలకు ఒడియాలో ‘మాయిచియా’ (ఆడంగివాడు అనే తిట్టు) కూడా వినబడుతుంది.

ఇది మన దగ్గరే పుట్టిన జబ్బేమీ కాదు. హాలీవుడ్‌లో 1934 నుంచి గట్టిగా అమలు చేసి, 1968 దాకా సాగదీసిన నిర్మాణ నియమావళి (సినిమాల్లో ఏది చూపించకూడదో చెప్పే నియమాలు) చాలాకాలం స్వలింగ ప్రేమను తెర మీద సూచనగా కూడా చూపించనివ్వలేదు. రచయితలు దొంగదారిలో చూపించారు. నవ్వించే నాజూకు మనిషిగానో, చివర్లో చచ్చే విలన్‌గానో. నియమావళి పోయాక కూడా ఆ అలవాటు పోలేదు.

మామూలు గే మనిషి ఎలా ఉంటాడంటారా? మా జట్టులో కీబోర్డు వాయించే అతను గే. వేళకు వస్తాడు, వైర్లు తనే చుట్టుకుంటాడు, టీలో పంచదార వద్దంటాడు. ఇంతకు మించి చెప్పడానికేమీ లేదు.

‘వాడి తీరే అంత, ఇక నటనేముంది’ అంటారు. నిజమేనా?

ఈ మాట నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధ పెడుతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తాను.

మా దగ్గర ఒక కుర్రాడున్నాడు. గే అని జట్టులో అందరికీ తెలుసు, తనే చెప్పాడు. సినిమా పాటలకు డాన్స్ చేస్తాడు, సారంగధర నాటకంలో చిత్రాంగి వేస్తాడు. రాత్రి పదింటికి ప్రోగ్రాం అంటే సాయంత్రం ఆరుకే అద్దం ముందు కూర్చుంటాడు. గడ్డం నున్నగా గీసుకుని, ఆ పచ్చదనం కనబడకుండా నారింజ రంగు అద్ది, దాని మీద పాన్‌కేక్ మేకప్ వేస్తాడు. కనుబొమ్మల్ని సబ్బుతో అణిచి పైన కొత్తవి గీస్తాడు. సవరం కట్టి పిన్నులు గుచ్చాక తల గట్టిగా విదిలించి చూసుకుంటాడు, తిరిగేటప్పుడు ఊడకూడదని. చిత్రాంగి సారంగధరుణ్ణి మొదటిసారి చూసే చూపు ఒకటుంది. ముందు కళ్లు, తర్వాత మెడ, ఆ తర్వాతే భుజం కదలాలి. ఆ వరుస కుదిరేదాకా అద్దం ముందు పదే పదే చేసుకుంటాడు. అతని మామూలు నడక చిత్రాంగి నడక కానే కాదు. బయట అతను బస్సు తప్పిపోతుందేమో అన్నట్టు ముందుకు వంగి గబగబా నడుస్తాడు.

ఒకసారి లెక్కలు తేల్చేటప్పుడు కమిటీ పెద్ద ఒకాయన అన్నాడు: ‘రాజు వేషానికిచ్చినంత ఇతనికీ ఎందుకండీ, ఇతనికది పుట్టుకతో వచ్చిందేగా.’ అదే ఊళ్లో అంతకు ముందు ఏడాది, పెళ్లయిన ఒక బడి పంతులు గారు అదే వేషం వేస్తే, ఏం నటనండీ అంటూ శాలువా కప్పారు. వేషం ఒకటే, పద్యాలూ అవే. ఒకరి కష్టం కళ అయ్యింది, ఇంకొకరి కష్టం పుట్టుక అయ్యింది.

వివక్ష అంటే తిట్టడమే అనుకుంటాం. మా రంగంలో అది ఎక్కువగా ఇలా డబ్బు దగ్గరే బయటపడుతుంది. కళాకారుడి సాధనను లెక్కలోంచి తీసేస్తుంది. గొంతు బాగున్న గాయకుడితో ‘నీ గొంతు పుట్టుకతో వచ్చిందే కదా, సగం తీసుకో’ అని ఎవరూ అనరు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. గే అని తెలిశాక అతనికి వేరే వేషం రాదు. ఆ కుర్రాడు శ్రీకృష్ణుడు వేస్తానని చాలాసార్లు అడిగాడు. రాయబారం పద్యాలన్నీ నోటికి వచ్చు. ‘జనం నవ్వుతారు’ అన్నారు. జనాన్ని అడగకుండానే జనం పేరు చెప్పారు. కిందటి దసరాకి ఒక చిన్న ఊళ్లో వేయించాం. ఎవరూ నవ్వలేదు, ‘జెండాపై కపిరాజు’కి వన్స్‌మోర్ అడిగారు.

గే అని తెలిస్తే హీరోగా, ప్రేమికుడిగా ప్రేక్షకులు ఒప్పుకుంటారా?

నటుడు హంతకుడి వేషం వేస్తే ఇంటికెళ్లి ఎవరినైనా చంపాడా అని అడగం. ప్రేమ దగ్గరికొచ్చేసరికి మాత్రం నిజం కావాలంటాం.

ఈ భయాన్ని మొదట పెంచింది నిర్మాతలే. హాలీవుడ్‌లో రాక్ హడ్సన్ దశాబ్దాల పాటు ఆడవాళ్ల కలల హీరో. గే అన్న సంగతి బయటికి రానివ్వలేదు, 1955లో ఒక పెళ్లి కూడా జరిగింది, మూడేళ్లకే విడిపోయారు. 1985లో ఎయిడ్స్‌తో చనిపోయే ముందే లోకానికి తెలిసింది. అప్పటిదాకా తెర మీద అతని ప్రేమను ఎవరూ శంకించలేదంటే ఆ ప్రేమ నటనలో ఉందనే కదా అర్థం. ఇంకో ఉదాహరణ: 2006లో తను గే అని చెప్పిన అమెరికన్ నటుడు నీల్ పాట్రిక్ హారిస్, ఆ తర్వాత కూడా 2014 దాకా ఒక టీవీ సీరియల్లో అమ్మాయిల వెంటపడే కుర్రాడిగా నవ్వించాడు. బ్రిటన్‌లో నటుడు ఇయన్ మెకెల్లెన్ తను గే అని 1988లో రేడియోలో చెప్పాడు. ప్రపంచమంతా అతన్ని గుర్తుపట్టేలా చేసిన పెద్ద సినిమా వేషాలు ఆ తర్వాతే వచ్చాయి.

అయితే కళాకారులంతా బయటికి చెప్పేయాలంటారా?

నేనెప్పుడూ అలా అనను. చెప్పాలా వద్దా అన్నది ఆ మనిషి ఒక్కడే తేల్చుకోవాల్సిన విషయం.

చెప్పినందుకు నష్టపోయినవాళ్లున్నారు. విలియం హైన్స్ 1920ల చివర హాలీవుడ్‌లో పెద్ద స్టార్. తన సహచరుణ్ణి దాచిపెట్టి బతకడానికి ఒప్పుకోలేదు. 1930ల మొదట్లో స్టూడియోతో తెగిపోయింది, ఇళ్ల అలంకరణ పనిలో స్థిరపడ్డాడు. అమెరికన్ టీవీ నటి ఎలెన్ డిజెనరస్ తనకు ఆడవాళ్ల పట్లే ఆకర్షణ అని 1997లో చెప్పింది, మరుసటి ఏడాది ఆమె సీరియల్ ఆగిపోయింది. తర్వాత టాక్ షోతో తిరిగి నిలదొక్కుకుంది కానీ మధ్యలో గడ్డు కాలం చూసింది. వాళ్లు పెద్ద నగరాల్లో ఉన్నవాళ్లు. మా పర్లాకిమిడిలో ఒక కళాకారుడి సంగతి బజారులో తెలిస్తే, మహేంద్రతనయ ఏరు దాటి ఆంధ్రా వైపు పాతపట్నంలో ఉన్న మేనత్త దాకా సాయంత్రానికి చేరుతుంది. చెల్లి పెళ్లి సంబంధం, అద్దె ఇల్లు, వచ్చే పండగ ప్రోగ్రాం, అన్నీ దానికి ముడిపడి ఉంటాయి.

చెప్పాలనుకుంటే ముందు నమ్మకమైన ఒక్కరితో మొదలుపెట్టమంటాను. చేతిలో కొన్ని నెలల ఖర్చులకు డబ్బుంటే మంచిది. తాగిన మత్తులోనో, కోపంలోనో చెప్పొద్దు. మిగతావాళ్లకు ఒక్కటే మాట: ఎవరి సంగతైనా మీకు తెలిస్తే మీ దగ్గరే ఉంచండి. ఇంకొకరికి చెప్పే హక్కు మీది కాదు.

చట్టం ఏమంటోంది? ఇది నేరం కాదా?

కాదు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం తేల్చి చెప్పింది: ఇష్టపూర్వకంగా ఇద్దరు పెద్దవాళ్ల మధ్య ఉండే సంబంధం పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 377వ సెక్షన్ కింద నేరం కాదని. ఆ కేసు నవతేజ్ సింగ్ జోహర్ పేరు మీద ఉంది. ఆయన భరతనాట్య కళాకారుడు, సంగీత నాటక అకాడమీ అవార్డు పొందినవాడు. కోట్లమందికి ఊపిరి తీసుకునే వీలు కల్పించిన తీర్పు ఒక నాట్య కళాకారుడి పేరుతో ఉందని మా కుర్రాళ్లకు చెప్పినప్పుడల్లా వాళ్ల మొహాలు వెలుగుతాయి. ఐపీసీ బదులు 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 377కి సమానమైన సెక్షనే లేదు. దానివల్ల ఒక లోటు కూడా ఏర్పడింది. పెద్దవాడైన మగవాడి మీద మరో మగవాడు లైంగిక దాడి చేస్తే దానికంటూ ప్రత్యేక సెక్షన్ లేదు. గాయపరచడం, నిర్బంధించడం వంటి వేరే సెక్షన్ల కింద కేసు పెట్టాలి. రాత్రిళ్లు ఊరూరా తిరిగే కళాకారులకు ఇది చిన్న విషయం కాదు, దీన్ని సరిచేయాలని గట్టిగా అడగాలి. బాధితుడు పద్దెనిమిదేళ్ల లోపువాడైతే ఆడపిల్లైనా మగపిల్లాడైనా పిల్లల మీద లైంగిక నేరాలకు పెట్టిన పోక్సో చట్టం వర్తిస్తుంది.

పెళ్లి మాటకొస్తే, 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహాన్ని గుర్తించడానికి ఒప్పుకోలేదు. కలిసి బతకడానికి మాత్రం అడ్డు లేదు. 2020లో ఒడిశా హైకోర్టు ఒక ట్రాన్స్ పురుషుడికి తన సహచరితో కలిసి ఉండే హక్కు ఉందని చెప్పింది. ఇలాంటి జంటలు జాయింట్ బ్యాంక్ అకౌంట్ తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అభ్యంతరం లేదని 2024లో కేంద్రం స్పష్టం చేసింది.

మా అబ్బాయి డాన్స్ నేర్చుకుంటున్నాడు. ‘అలా’ అయిపోతాడా?

అవడు. డాన్స్ వల్ల ఎవరూ గే అవరు, డాన్స్ మాన్పిస్తే ఎవరూ మారిపోరు. ఈ ప్రశ్న అడిగే తల్లుల కళ్లలో భయం నాకు తెలుసు. వాళ్లకు పిల్లాడి మీద కోపం కన్నా లోకం ఏమంటుందోనన్న బెంగ ఎక్కువ.

ఒకవేళ అబ్బాయి గే అయితే? అది జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే రోగాల పట్టికలోంచి తీసేసింది. ఇది మానసిక రోగం కాదని 2018లో ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా చెప్పింది. మారుస్తామని చెప్పే మందులు, కరెంటు షాకులు, తాయెత్తులు, అన్నీ పిల్లాణ్ణి నాశనం చేసేవే. అలాంటి చికిత్స చేసే డాక్టరుది వృత్తిపరమైన తప్పిదమని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో ప్రకటించింది. ‘పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది’ అన్నది ఇంకా ఘోరం, ఎందుకంటే అక్కడ ఏ పాపం తెలియని ఒక ఆడపిల్ల జీవితం కూడా పోతుంది. దయచేసి ఆ పని చేయకండి అమ్మా.

మేం స్కిట్లు రాస్తాం. ఇక జోకే వేయకూడదా?

వేయండి. గే పాత్ర కూడా నవ్వించొచ్చు, కంజూసు మామలా, మతిమరుపు తాతలా. జోకు అతను చేసిన పని మీద ఉందా, అతని ఉనికి మీదే ఉందా అన్నది చూసుకోండి. అతను స్టేజీ మీదకు నడిచొచ్చాడు, అంతే, జనం నవ్వాలి అని మీ స్క్రిప్టులో ఉందంటే మీరు ఇంకా జోకు రాయలేదన్నమాట.

బెంగాలీ దర్శకుడు రితుపర్ణో ఘోష్ ఎన్నో జాతీయ అవార్డులు తెచ్చుకున్నవాడు, తన తీరును దాచుకోకుండా బతికినవాడు. ఆయన మాటతీరును అనుకరించి నవ్వించే కమెడియన్‌ను తన టీవీ షోకే పిలిచి నిలదీశాడు. నన్ను అనుకరించినప్పుడు నాలాగా ఉన్న మగవాళ్లందర్నీ నువ్వు అవమానిస్తున్నావని ఎప్పుడైనా ఆలోచించావా అన్న అర్థంలో అడిగాడు. స్కిట్ రాసేవాళ్లంతా ఆ ప్రశ్న తమనే అడిగినట్టు అనుకుంటే మంచిది.

ప్రోగ్రాం పెట్టే కమిటీగా మేమేం చేయాలి?

మొదట డబ్బు. వేషాన్ని బట్టి, అనుభవాన్ని బట్టి రేటు కట్టండి. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే మిగతాది ఎప్పుడిస్తారో కాగితం మీద రాయండి. గే కళాకారుడు పోలీసుల దగ్గరకు వెళ్లడులే అన్న ధీమాతో బాకీ ఎగ్గొట్టిన కాంట్రాక్టర్లను నేను చూశాను.

తర్వాత చోటు. బట్టలు మార్చుకోవడానికి గడియ పడే గది కావాలి. మా వైపు స్టేజీ వెనక ఒక టార్పాలిన్ కట్టి వదిలేస్తారు. కుర్రాళ్లు గుంపుగా వచ్చి సందుల్లోంచి ఫోన్లు పెడతారు. కమిటీ నుంచి ఒక మనిషిని అక్కడ కూర్చోబెడితే సగం గొడవ తగ్గుతుంది. రాత్రి రెండింటికి ప్రోగ్రాం ముగిశాక బస్టాండులో దింపేసి వెళ్లిపోకండి, జట్టంతా ఒకే వ్యాన్‌లో ఊరు చేరేలా చూడండి.

మైక్ ఎవరి చేతిలో ఉందో ఆ యాంకర్‌తో ముందే మాట్లాడండి. ‘ఇతను అతనా, ఆమా’ లాంటి మాట ఒక్కటి మైకులో పడిందంటే ఆ రాత్రంతా ముందు వరసలోంచి అదే అరుపు. మా జట్టు ఇప్పుడు ఈ షరతు బేరంలోనే పెడుతోంది. ఇద్దరు ముగ్గురు కాంట్రాక్టర్లు మమ్మల్ని పిలవడం మానేశారు. ఫరవాలేదు, మిగతావాళ్లు పిలుస్తున్నారు.

ఫొటోలు, చాటింగులు బయటపెడతామని బెదిరిస్తే ఎవరికి చెప్పాలి?

ఇది ఈ మధ్య చాలా పెరిగింది. డేటింగ్ యాప్‌లో పరిచయం చేసుకుని, గదికి పిలిచి, వీడియో తీసి డబ్బడుగుతారు. కళాకారుడైతే పోస్టర్ మీద మొహం ఉంటుంది కాబట్టి ఇంకా తేలికగా దొరుకుతాడు. డబ్బు ఇవ్వొద్దు. ఒకసారి ఇస్తే అడగడం ఆగదు. మెసేజీలు చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి, ఆ నంబర్లు, యూపీఐ వివరాలు దాచండి. బెదిరించి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద నేరం, బాధితుడు గే అయినంత మాత్రాన ఆ నేరం చిన్నదైపోదు. ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ప్రాణభయం ఉంటే 112. ఉచిత న్యాయ సలహాకు 15100, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కూడా అడగొచ్చు. స్టేషన్‌కు ఒంటరిగా వెళ్లడానికి టెన్షన్‌గా ఉంటే జట్టు మేనేజర్నో, లాయర్నో వెంట తీసుకెళ్లండి.

మనసు కుంగిపోయి నిద్ర పట్టకపోతే, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. ఒడియా రాకపోతే తెలుగులో మాట్లాడాలని మొదటే చెప్పండి.